పేరు రాసిన స్టూలు

ఆగండి. ఒక్క నిమిషం ఆ ఫోను పక్కన పెట్టి చెవి ఇటు ఇవ్వండి. ఏసీ హోరు, కింద మైకులో ఆషాఢం ఆఫర్ల గోల, చీరల కవర్ల గరగర, అవన్నీ వదిలేయండి. వాటి అడుగున ఒక చిన్న చప్పుడుంది. టక్, టక్. చెక్క మీద చెక్క. విన్నారా?

నరసరావుపేట పల్నాడు రోడ్డులో వెన్నెలపట్టు శారీ హౌస్ అని నాలుగంతస్తుల కొట్టు. దాని రెండో అంతస్తులో ఆ చప్పుడు రోజుకు వందసార్లవుతుంది, కొనడానికొచ్చిన వాళ్ళలో ఒక్కరికీ వినపడదు. జాకెట్టు ముక్కలు కొలిచే మీటరు బద్దతో నజీమా కౌంటరు అంచు మీద కొడుతుంది. రెండుసార్లు కొడితే, నీ వంతొచ్చింది, వెళ్ళి కూర్చో. ఒక్కసారి కొడితే, ఎవరో వస్తున్నారు, లే.

కూర్చోవడం పెద్ద సంగతేమీ కాదనుకుంటాం. కానీ వెన్నెలపట్టులో పొద్దున తొమ్మిదిన్నరకు మెరూన్ రంగు యూనిఫాం చీర కట్టుకుని పైకెక్కితే రాత్రి తొమ్మిదికి దిగేదాకా ఆ అంతస్తులోని పదకొండు మంది ఆడవాళ్ళూ నిలబడే ఉండాలి. కౌంటరు ముందు వరసగా ఎర్ర మెత్తల స్టూళ్ళున్నాయి, అవి కొనేవాళ్ళవి. ఖాళీగా ఉన్నా సరే కొనేవాళ్ళవే. అందుకని వీళ్ళకు వీళ్ళే ఒక దారి చూసుకున్నారు. డ్రస్సులు వేసుకుని చూసుకునే ట్రయల్ రూములు మూడున్నాయి. మూడోదాంట్లో బల్బు పోయి ఏడాదవుతోంది, ఎవరూ మార్పించలేదు, మార్పించమని వీళ్ళూ అడగలేదు. లోపల మోకాలెత్తున క్యారీ బ్యాగుల కట్ట ఒకటుంది. దాని మీద మనిషికి రెండు నిమిషాలు. వరస ప్రకారం, ఒకరి తర్వాత ఒకరు, నిన్న ఎక్కడ ఆగిందో ఈ రోజు అక్కణ్ణించి మొదలు. పండగ రద్దీలో కూడా ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం తన వంతు చప్పుడు వినపడగానే కృపామణి, ఎవరో వదిలేసిన డ్రస్సు తేవడానికి వెళ్తున్నట్టు ఆ చీకటి గదిలో దూరింది. కట్ట మీద కూర్చోగానే మడమల్లోంచి ఏదో జారి నేలలోకి ఇంకిపోయినట్టయింది. చీర కుచ్చిళ్ళు పిక్కల దాకా లేపి తడుముకుంది. కనపడకపోయినా వేళ్ళకు తెలుసు, నరాలు ఎక్కడెక్కడ ఉబ్బాయో, ఎక్కడ ముడి పడ్డాయో. నిలబడటం తగ్గించకపోతే పుండ్లు పడతాయని డాక్టరు చెప్పి నెల దాటింది. మనసులో ప్రార్థన ఒకటి మెల్లగా రెండుసార్లు చెప్పుకుంటే సరిగ్గా రెండు నిమిషాలు. రెండోసారి ఆమెన్ అనకముందే బయట టక్ మంది. ఒక్కటే.

లేచి తలుపు తీసేసరికి బొల్లాపల్లి నుంచి పెళ్ళి చీరలకని ఎనిమిది మంది పైకొస్తున్నారు. ముందు ఒక పెద్దావిడ, ఎర్ర స్టూలు మీద బాసింపట్టు వేసుకున్నంత దర్జాగా కూర్చుంది.

"ఏమ్మే, పట్టులో ఏమున్నయ్యో తియ్యి. పిల్ల కాస్త చామనచాయ. ముసల్దానికి కట్టే రంగులు తియ్యబాక."

"పిల్ల ఏదండి?" అంది కృపామణి నవ్వుతూ.

"పిల్ల రాలేదు. పిల్లకేం తెలుసు చీరలు?"

ఎనిమిది మందీ నవ్వారు. కృపామణి చీర తీసి, మడత మీద అరచెయ్యి ఒకసారి పామి, ఒక్క విసురుతో కౌంటరు పొడవునా పరిచింది. పమిట చెంగు ఎత్తి తన భుజాన వేసుకుని చూపించింది. అది కాదన్నారు. ఇంకోటి. అదీ కాదు. నలభై చీరలు విప్పాక మొదటిదే కావాలన్నారు. విప్పడానికి ఒక్క విసురు చాలు, మడవడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఎదురు చెంగు పట్టుకోవడానికి పిలవకుండానే నజీమా వచ్చింది. ఐదో నెల పొట్ట కౌంటరుకు తగలకుండా పక్కకు తిరిగి నిలబడింది. ఇద్దరూ చెంగులు కలిపారు, విడిపోయారు, మళ్ళీ కలిశారు.

"అక్కా, ఇయ్యాల నీ ముఖంలో ఏదో వెలుగుందే" అంది నజీమా.

"ఏం లేదులే."

ఉంది. ఆషాఢం సేల్ మొదలైతే వారానికో రోజు సెలవు కూడా ఉండదని, అంతకు ముందొచ్చిన చివరి సెలవు రోజున కృపామణి ఒక పని చేసింది. రూళ్ళ కాగితాల మీద రెండు పేజీల అర్జీ రాసింది. మాకు కూర్చోవడానికి స్టూళ్ళు కావాలి, కస్టమర్లు లేనప్పుడైనా కూర్చోనివ్వాలి అని. ఒకటి లేబర్ ఆఫీసులో ఇచ్చి, రెండోది కింద గల్లాపెట్టె దగ్గర కోటేశ్వర్లు గారి చేతికే ఇచ్చింది. ఆయనే ఓనరు. ఎవరికీ చెప్పలేదు. ఏదన్నా జరిగితే తన ఒక్కదాని మీదికే రావాలని చెప్పలేదు.

ఆయన ఈ రోజు ఎదురుపడి, చదివానమ్మా, చూద్దాం అన్నారు. చిరాకు పడకుండా అన్నారు. ఆ వెలుగే అది.

మంగళవారం పొద్దున కొట్టు తీయగానే రోజూలాగే దేవుడి పటం ముందు అగరొత్తి వెలిగించి అందర్నీ వరసలో నిలబెట్టారు. ఫ్లోర్ మేనేజరు బెంజిమిన్ చేతిలో మామూలుగా ఆ రోజు ఆఫర్ల లిస్టు ఉంటుంది. ఇవాళ రూళ్ళ కాగితాలున్నాయి. దూరం నుంచే తన చేతిరాత కృపామణికి తెలిసింది.

"మన స్టాఫులో ఒకరు సారుకు లెటర్ పెట్టారు. తప్పు లేదు. అందరికీ తెలియాలని సారు చదవమన్నారు" అన్నాడు బెంజిమిన్. ముందు నాలుగు లైన్లు గబగబా చదివాడు. తర్వాత గొంతు నెమ్మదించింది. "కాళ్ళ నొప్పులకు ఓర్చుకోలేక మేము దొంగల్లాగా మూడో నంబరు ట్రయల్ రూములో చీకట్లో రెండేసి నిమిషాలు కూర్చుంటున్నాము. బయట మాలో ఒకరు మీటరు బద్దతో చప్పుడు చేస్తే లేచి వస్తున్నాము. మా పరిస్థితి ఇంత దారుణముగా ఉన్నది."

  ఎంత కష్టంలో ఉన్నామో తెలియాలనే కృపామణి రాసింది. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేస్తే ఏదీ దాచకూడదని చిన్నప్పటి నుంచీ విన్న మనిషి. అర్జీ కూడా అలాంటిదే అనుకుంది. ఎంత నిజం చెబితే అంత మనసు కరుగుతుందనుకుంది. ఎవరి పేరూ రాయలేదు, ఆ జాగ్రత్త మాత్రం పడింది. కానీ రెండో అంతస్తులో మీటరు బద్ద ఒక్కటే ఉంది, అది ఎవరి చేతిలో ఉంటుందో అందరికీ తెలుసు.

పదింటికి ఎలక్ట్రీషియన్ వచ్చి మూడో ట్రయల్ రూములో కొత్త బల్బు పెట్టాడు. క్యారీ బ్యాగుల కట్ట గోడౌనుకు పోయింది. తలుపుకు తాళం పడింది. ఆ గది సందుల్లోంచి ఏడాది తర్వాత తెల్లటి వెలుతురు బయటికొచ్చింది, లోపల ఎవరూ లేకుండా.

పదకొండింటికి నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు ఒకటి వచ్చింది. ఒక్కటే. బెంజిమిన్ దాన్ని తలకిందులుగా పట్టుకుని తెచ్చి, కౌంటరు వెనక దించి, జేబులోంచి నల్ల మార్కరు తీసి, కూర్చునే చోట పెద్ద అక్షరాలతో కృపామణి అని రాశాడు. ఇంకు ఆరేదాకా ఊదాడు కూడా.

వెనకే కోటేశ్వర్లు గారు మెట్లెక్కి వచ్చారు. అరవై దాటిన మనిషి, తెల్ల చొక్కా, చేతిలో ఎప్పుడూ వక్కపొడి డబ్బా.

"ఏమ్మా కృపమ్మా, అడిగావు, ఇచ్చాను. మా నాన్న ఉన్నప్పుడు కొట్టంటే పరుపులేగా. ఆయనా, గుమాస్తాలూ, బేరానికొచ్చినోళ్ళూ అందరం ఒకే పరుపు మీద కూచునేవోళ్ళం. ఇప్పుడట్టా కుదరదు. నిలబడ్డ మనిషిని చూస్తే కస్టమరుకు హుషారు. సరే, నీ కాళ్ళు బాలేదన్నావు, నీకు ఇస్తన్నా."

"అందరికీ అని రాశానండి" అంది కృపామణి. 

"అందరూ అడగలేదుగా తల్లీ. సంతకం నీదొక్కటే ఉంది."

ఆయన వెళ్ళాక బెంజిమిన్ అందరికీ వినపడేలా అన్నాడు. "ఎవరి పేరుంటే వాళ్ళే కూర్చోవాలి. వేరేవాళ్ళు కూర్చున్నట్టు కెమెరాలో కనిపించిందా, ఆ రోజుకు ఆబ్సెంటు." అంటూ తన బరువు ఒక కాలి మీంచి రెండో కాలి మీదికి మార్చుకున్నాడు. అతనూ పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాడు.

అతను అలా మెట్లు దిగాడో లేదో లక్ష్మీతిరుపతమ్మ అందుకుంది. కాటన్ చీరల కౌంటరు ఆమెది, ఆ అంతస్తులో అందరికంటే నోరున్న మనిషి.

"కూచోండి అమ్మగారూ, కూచోండి. ఏమే పోలేరమ్మత్తా, హారతి పళ్ళెం యాడుందో చూడు."

తుడిచే గుడ్డ బకెట్టులో ముంచుతున్న పోలేరమ్మ తలెత్తకుండానే అంది. "హారతి దేనికే. సింహాసనం వచ్చాక మనం యాడ కనపడతాం?"

"తిరుపతమ్మా, నేను అందరి కోసమే..."

"అందరి కోసమా? నిన్న సాయంత్రం వరస యాడ ఆగిందో తెలుసా? నా దగ్గర. ఇయ్యాల పొద్దున్నే నా వంతు. ఏదీ, ఆ గది తాళం తీసి కూచోబెట్టు నన్ను."

కృపామణి నజీమా వైపు చూసింది. నజీమా మీటరు బద్దను కౌంటరు కింద అరలో పెడుతోంది. పెట్టింది, దాని మీద ఒక జాకెట్టు ముక్క కప్పింది. తిరిగి చూడలేదు.

ఆ రోజంతా నీలం స్టూలు ఖాళీగానే ఉంది. కృపామణి దాని పక్కనే నిలబడింది.

బుధవారం మధ్యాహ్నం అన్నాల వేళ. రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మెట్ల మలుపులో అందరూ గుండ్రంగా నిలబడి తింటారు, డబ్బాలు మెట్టు మీద పెట్టుకుని. ఎవరి డబ్బాలో ఏముందో మూత తీయకముందే వాసన పట్టేస్తారు. కృపామణి గోంగూర పచ్చడి తెచ్చిందంటే ఆమెకు మిగిలేది అడుగున అంటుకున్నదే. ఇవాళ గోంగూరే తెచ్చింది. కావాలనే తెచ్చింది. మూత తీసి మెట్టు మీద పెట్టింది. చేతులు పక్క డబ్బాల్లోకి పోయాయి, పప్పులోకి, బెండకాయ వేపుడులోకి. ఎవరూ ఆమెను పొమ్మనలేదు. జరగమనలేదు. అసలు ఏమీ అనలేదు. మాటలు మాత్రం ఆమె తల పక్కగా అటూ ఇటూ పోతున్నాయి, గది మధ్యలో స్తంభం ఉంటే పోయినట్టు.

"నజీమా, తినమ్మా. పుల్లగా తినాలనిపిస్తదన్నావుగా" అంది డబ్బా కాస్త జరిపి.

నజీమా ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. "వద్దక్కా. మంట" అంది. రెండు రోజుల్లో ఆమె మాట్లాడింది అదొక్కటే.

డబ్బా నిండుగానే ఇంటికెళ్ళింది.

గురువారం నాలుగింటికి కాళ్ళు ఇక మాట వినలేదు. ఎడమ పిక్కలో సూది గుచ్చి లోపల తిప్పుతున్నట్టుంది. వెల్దుర్తి నుంచి వచ్చిన ఒకామెకు చీర చూపిస్తూ చూపిస్తూ పమిట చెంగు భుజాన వేసుకోబోయి కౌంటరు పట్టుకుంది. ఆ బేరం అయిపోయాక చుట్టూ చూసింది. ఎవరి పనిలో వాళ్ళున్నారు. స్టూలు కాలితో కాస్త దగ్గరికి లాక్కుంది. కూర్చుంది.

ఎంత హాయి! రెండు నిమిషాలు అయ్యాయి. ఎవరూ బద్ద కొట్టలేదు. ఐదయ్యాయి, పదయ్యాయి. వెలుతురులో, ఫ్యాను కింద, తన పేరు మీద తనే కూర్చుని ఉంది. పిక్కల్లో సూది మెత్తబడింది. కానీ ఎదురుగా పది వీపులు. పోలేరమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగి తుడుస్తోంది. నజీమా ఒక్కతే పొడవాటి పట్టుచీర మడుస్తోంది, ఒక చెంగు గడ్డం కింద నొక్కి పట్టుకుని, రెండోది చేతులు చాపి అందుకుంటూ, పొట్ట అడ్డమొస్తే పక్కకు తిరుగుతూ. ఎదురు చెంగు పట్టుకోవడానికి కృపామణి లేచింది. ఆమె రెండడుగులు వేసేలోపే తిరుపతమ్మ వెళ్ళి చెంగు అందుకుంది.

కృపామణి మళ్ళీ కూర్చోలేదు. నిలబడనూ బుద్ధి కాలేదు. మడత అవసరం లేని చీరల్ని తీసి మళ్ళీ మడుస్తూ ఉండిపోయింది.

సాయంత్రం టీ టైములో గుంటూరు హాస్టల్ నుంచి జెస్సీ ఫోన్ చేసింది. నర్సింగ్ చదివే కూతురు. అర్జీ రాసి ఇవ్వు అమ్మా, నోటితో అడిగితే గాల్లో పోతుంది అని చెప్పింది కూడా తనే.

"స్టూలు ఇచ్చారా! నేను చెప్పలా? కూర్చున్నావా?"

"కూర్చున్నా."

"హాయిగా ఉందా?"

"కాళ్ళకుంది" అంది కృపామణి. తర్వాత, అన్నం తిన్నావా అని అడిగింది.

ఇస్సపాలెం పోయే షేర్ ఆటోలో రోజూ ఆమెకు చోటు ఆపి ఉంచేది తిరుపతమ్మే. ఆ రాత్రి ఆటో ఆమె వచ్చేలోపే వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున బెంజిమిన్ వచ్చి కౌంటరు మీద మోచేతులానించాడు.

"అక్కా, పదకొండింటికి లేబర్ ఆఫీసు మేడం వస్తంది. నువ్వు స్టూలు మీద కూచోనుండు. మేడం ఏదో కాగితం ఇస్తది, సమస్య తీరిందని సంతకం పెడితే అయిపోద్ది. ఒకే చర్చికి పోయేటోళ్ళం, నీ మంచికే చెబుతన్నా. సంతకం పెట్టావా, స్టూలు ఎప్పటికీ నీదే."

"పెట్టకపోతే?"

అతను మార్కరు మూత తీశాడు, పెట్టాడు. "అట్టాంటియ్యి నన్నడగబాక అక్కా. నేనూ జీతగాణ్ణేగా."

పదకొండుకు ఐదు నిమిషాలుండగా కృపామణి కూర్చుంది. మిగిలిన పది మంది ఎవరి చోట వాళ్ళు నిలబడ్డారు. ఆమె పేరు మీద ఆమె కూర్చుని ఉంటే, ఆ పెద్ద హాలులో ఆమె తప్ప అందరూ పొడుగ్గా ఉన్నట్టనిపించింది. సంతకం పెడితే ఏమవుతుందో ఆలోచించింది. కాళ్ళు బాగుంటాయి. జెస్సీ చదువయ్యేదాకా పని ఉంటుంది. గోంగూర మాత్రం రోజూ ఇంటికి తిరిగొస్తుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు, కోటేశ్వర్లు గారి గొంతు, రండి మేడం రండి, జాగ్రత్త, మెట్టు ఎత్తుగా ఉంటది.

టక్.

ఒక్కటే. ఎక్కణ్ణించి వచ్చిందో తెలిసేలోపే కృపామణి లేచి నిలబడింది. ఆమె లేవాలనుకోలేదు. కాళ్ళే లేచాయి. ఆమె ఒక్కతే కాదు, గోడకు ఆనుకున్న పోలేరమ్మ నిటారుగా అయింది, కౌంటరు మీద బరువు వేసిన తిరుపతమ్మ చెయ్యి తీసేసింది, పదకొండు మందీ ఒక్కసారే, ఎవరో తాడు లాగినట్టు. లేబర్ ఆఫీసు మేడం చివరి మెట్టు మీద ఆగిపోయింది.

"ఏంటా చప్పుడు?"

"ఏం లేదు మేడం, చీరల కొట్టన్నాక..." అన్నారు కోటేశ్వర్లు గారు నవ్వుతూ.

"అందరూ ఒకేసారి కదిలారు. ఈమె కూర్చున్నదల్లా లేచింది." ఆమె కృపామణి దగ్గరికొచ్చింది. "మీరేనా అర్జీ పెట్టింది? ఎందుకు లేచారు? అదేం చప్పుడు?"

కృపామణి నోరు తెరిచింది. నిజం నాలుక చివరిదాకా వచ్చింది, ఎప్పుడూ వచ్చినట్టే. అప్పుడు నజీమా కనపడింది. అర ముందు నిలబడి, మీటరు బద్ద చేతిలో, ఎందుకు తీశానా అన్నట్టు దాన్నే చూస్తోంది. జాకెట్టు ముక్క కింద పడి ఉంది. నాలుగు రోజులు దాచిన బద్దను, మెట్ల మీద అడుగులు వినగానే చెయ్యి తనంతట తానే తీసి కొట్టేసింది.

కృపామణి నోరు మూసుకుంది. ఈసారి చెప్పాల్సింది తను కాదు.

 మేడం ఒకరి ముఖంలోంచి ఒకరి ముఖంలోకి చూస్తోంది. బెంజిమిన్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

"నేనేనండి కొట్టింది" అంది నజీమా.

"ఎందుకమ్మా?"

"లేవమని చెప్పడానికండి. సారు వత్తన్నారని." ఆమె బద్దను కౌంటరు మీద పెట్టింది. "మా అక్క కాయితంలో రాసిందిగా, అది నిజమేనండి. మూడో రూములో కూచునేవోళ్ళం. బద్ద కొట్టేది నేనే. ఇప్పుడు కూచోటానికి ఆ గదీ లేదు. చేతికి ఆ సంగతి తెలవలా."

ఎవరో కిసుక్కున నవ్వారు. పోలేరమ్మ. వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేడం నవ్వలేదు. ఫైలులోంచి కాగితం తీసి కౌంటరు మీద పెట్టింది. "యాజమాన్యం స్టూలు ఇచ్చామని రాసిచ్చింది. మీకు సరిపోయిందనుకుంటే ఇక్కడ సంతకం పెట్టండి, ఇది ముగుస్తుంది. లేదంటే ఫైలు నా దగ్గరే ఉంటుంది. తర్వాత ఏమవుతుందో ఇప్పుడే మాటివ్వలేను. మీ ఇష్టం."

పెన్ను కృపామణి చేతిలో ఉంది. తన పక్కన నీలం స్టూలు, దాని మీద తన పేరు, అంత పెద్ద అక్షరాలతో తన పేరు ఆమె ఇంకెక్కడా చూసుకోలేదు. మా అక్క అంది నజీమా. అందరి ముందూ అంది.

"స్టూలు ఒకటే వచ్చిందండి. మేము పదకొండు మందిమి" అంది. పెన్ను కాగితం మీద అడ్డంగా పెట్టి, రెంటినీ మేడం వైపు జరిపింది.

మేడం కాగితం మడిచి ఫైల్లో పెట్టుకుంది. కోటేశ్వర్లు గారి నవ్వు చెరగలేదు. ఆమెను కింది దాకా సాగనంపి, మళ్ళీ మెట్లెక్కి వచ్చి, వక్కపొడి డబ్బా మూత బిగించి, నెమ్మదిగా అన్నారు.

"సరే కృపమ్మా. తేలేదాకా స్టూలు నీదే. తీసెయ్యమనను. తీసేస్తే నేను చెడ్డోణ్ణవుతాను. పేరున్నోళ్ళు కూచోండి, లేనోళ్ళు నిలబడండి. కెమెరా చూస్తనే ఉంటది."

మధ్యాహ్నం మూడింటికి ఎండకు రోడ్డు మీద మనుషులు పలచబడ్డారు. రెండో అంతస్తులో ఒక్క కస్టమరు లేదు. మెట్ల మలుపులో ఇందాక అన్నాలు తిన్నప్పుడు కృపామణి డబ్బాలోకి చెయ్యి ఒకటి వచ్చింది. చూస్తే పోలేరమ్మది. ఆమె నమిలి, ఉప్పు చాల్లేదే అంది.  కృపామణి డబ్బా ఆమె వైపు జరిపింది.

ఇప్పుడు పోలేరమ్మ బకెట్టు తెచ్చి స్టూలు పక్కన దించింది. అందులోంచి చిన్న సీసా తీసింది. కస్టమర్ల లిప్‌స్టిక్కు చీరలకు అంటితే తుడిచే స్పిరిట్టు అది.

"కూచో అక్కా, పొద్దుటి నుంచి కుంటతన్నావు" అంది నజీమా.

"కూచోవే. నేనేదో అన్నాలే" అంది తిరుపతమ్మ ఎటో చూస్తూ. "నా నోరు నీకు తెలవంది కాదు. ఆటోలో చోటు ఆపుతాలే ఇయ్యాల."

కృపామణి స్టూలు వైపు చూసింది. మూడు రోజుల కింద ఆ మాట అని ఉంటే ఏడుస్తూ కూర్చునేది. పిక్కలో సూది తిరుగుతూనే ఉంది. వంగింది. పోలేరమ్మ చేతిలోంచి సీసా తీసుకుని, చిరుగు జాకెట్టు ముక్క మీద కాస్త ఒంపి, స్టూలు మీద రుద్దడం మొదలుపెట్టింది. నల్ల ఇంకు ముందు మొండికేసింది. తర్వాత చివరి అక్షరం కరిగింది, దాని ముందుది కరిగింది, నీలం మీద మసిలా అలుక్కుంది. స్పిరిట్టు వాసన ముక్కుల్లోకెక్కింది. తలెత్తి చూస్తే పైన కెమెరాలో ఎర్ర చుక్క వెలుగుతోంది. ఆమె రుద్దడం ఆపలేదు. మొత్తం పోయాక పొడి గుడ్డతో తుడిచి, స్టూలును రెండు చేతులతో ఎత్తి, కౌంటరు వెనక నుంచి తెచ్చి, అందరికీ మధ్యలో పెట్టింది.

 తిరుపతమ్మ ముఖం తెల్లబోయింది. వరస ఎక్కడ ఆగిందో ఆమె నోటితో ఆమే చెప్పింది మొన్న.

"కూచుంటే ఆబ్సెంటు వేత్తారే" అంది మెల్లగా.

"నేనూ కూచుంటా నీ తర్వాత" అంది పోలేరమ్మ. "ఎంత మందికి ఏత్తారో ఏసుకోనీ."

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. బెంజిమిన్. కెమెరాలో చూసే ఉంటాడు, రెండేసి మెట్లు ఎక్కుతున్నాడు. నజీమా చేతిలో మీటరు బద్ద పైకి లేచింది.

టక్.

ఎప్పటి అలవాటు అది. అందరూ నిటారుగా అయ్యారు. కృపామణి కళ్ళు మూసుకుంది. అయిపోయింది, ఇంకేముంది, పేరు తుడిచిన చేతికి అంటిన ఆ మసి ఒక్కటే మిగిలింది, మళ్ళీ తను ఒక్కతే అనుకుంది.

కానీ బద్ద ఇంకోసారి లేచింది. నజీమా ఈసారి చేతిని నమ్ముకోలేదు, తనే ఎత్తి, తనే కొట్టింది, బూట్ల చప్పుడు మునిగిపోయేంత గట్టిగా.

టక్.

రెండోది. నీ వంతొచ్చింది, కూర్చో.

బూట్లు చివరి మెట్టు దాకా వచ్చాయి. తిరుపతమ్మ ఒక చెయ్యి స్టూలు అంచు మీద వేసి ఉంది. కృపామణి కళ్ళు తెరిచి ఆ చెయ్యినే చూస్తోంది. విన్నారుగా ఆ రెండో చప్పుడు. పైన కెమెరా, మెట్ల మీద మేనేజరు, ముందు పేరు లేని స్టూలు. తిరుపతమ్మ చోట మీరుండి, ఇప్పుడు మీ వంతే వచ్చిందనుకోండి. మీరైతే కూర్చుంటారా?